అడుగుల చప్పుడు ఎటునుంచి?

చెవులు రెండే. హెడ్‌ఫోన్‌లో స్పీకర్లూ రెండే. అయినా ఆటలో శత్రువు వెనకున్నాడో, పైఅంతస్తులో ఉన్నాడో చెప్పే విద్య ఒకటుంది. దాన్ని వర్చువల్ సరౌండ్ సౌండ్ అంటున్నారు. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, ఏది ఎంచుకోవాలి? ఈ వారం ముఖచిత్ర కథనం.

కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లకి న్యూక్ మ్యాప్ పేరు చెబితే చాలు, గుబులు మొదలవుతుంది. అణువిద్యుత్ కేంద్రంలో సాగే ఆట అది. చాలా మ్యాపుల్లో బాంబు పెట్టే చోట్లు ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి ఉంటాయి. న్యూక్‌లో అలా కాదు. ‘ఏ’ సైట్ పైన ఉంటే, ‘బీ’ సైట్ సరిగ్గా దాని కిందే ఉంటుంది.

జట్టులో నలుగురూ పోయి ఒక్కడే మిగిలాడనుకోండి. కింద, ‘బీ’ సైట్‌లో మూలకు నక్కి ఉన్నాడు. కుడిచెవిలో ఇనుపరేకు మీద బూటు చప్పుడు. అప్పటికే చనిపోయి తెర చూస్తున్న స్నేహితులు మైకులో తొందరపెడుతున్నారు. “మామా, స్టెప్స్ పైనా, కిందా?” కుడివైపు అని తెలుస్తోంది. పైనో కిందో అంతుపట్టడం లేదు. తలుపు వైపు గురిపెట్టాడు. శత్రువు వెంట్‌లోంచి దూకాడు. రౌండ్ పోయింది.

ఆ కుర్రాడి చేతివేగంలో లోపం లేదు. చెవికి అందాల్సిన సమాచారం సగమే అందింది. మామూలు స్టీరియో కుడిఎడమలు చెబుతుంది. ముందా వెనకా, పైనా కిందా అనే ప్రశ్నలకు దాని దగ్గర జవాబు లేదు. ఆ జవాబును కూడా అవే రెండు స్పీకర్లతో చెప్పించడమే వర్చువల్ సరౌండ్ పని.

ఈ పేరుతో అమ్మే సరుకు మార్కెట్‌లో కుప్పలుతెప్పలుగా ఉంది. ‘7.1’ అని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటే చాలు, పిల్లలు అడుగుతారు, పెద్దలు కొనిపెడతారు. కానీ దిక్కు అనేది హెడ్‌సెట్‌లో ఉండదు. ఆట వేసే లెక్కలో ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకున్న చెవిలో ఉంటుంది. ఈ రెండూ కుదిరితే ఒక మంచి స్టీరియో హెడ్‌ఫోన్ చాలు. కుదరకపోతే ఎంత పోసి కొన్నా ఆ కుర్రాడు తలుపు వైపే గురిపెడతాడు.

చెవి వేసే లెక్క

రోడ్డు దాటుతుంటే కుడివైపున హారన్ మోగింది. చూడకుండానే కుడివైపని తెలిసిపోతుంది. ఎలా? శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో వస్తుంది. ముందు కుడిచెవిని చేరుతుంది. తలను చుట్టి ఎడమచెవికి చేరేసరికి కొంచెం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం మహా అయితే 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. సెకనులో వెయ్యో వంతు కూడా నిండని ఆ తేడాను మెదడు పట్టేస్తుంది.

రెండో ఆధారం బలం. తల అడ్డుపడటం వల్ల అవతలి చెవికి చేరే శబ్దం, ముఖ్యంగా కీచుగా ఉండే తారస్థాయి శబ్దం, సన్నగిల్లుతుంది. మంద్రంగా ఉండే శబ్దాలకు కాలం తేడానూ, తారస్థాయి శబ్దాలకు బలం తేడానూ చెవి వాడుకుంటుందని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సరిగ్గా ముక్కుకు ఎదురుగా మోగిన శబ్దమూ, సరిగ్గా వీపు వెనక మోగిన శబ్దమూ రెండు చెవులకూ ఒకేసారి, ఒకే బలంతో చేరతాయి. నడినెత్తిన మోగినదీ అంతే. కాలం తేడా లేదు, బలం తేడా లేదు. అయినా మనం తికమకపడం. దానికి కారణం చెవిడొప్ప. దాని మడతలకు తగిలి శబ్దం చిన్నచిన్న ప్రతిధ్వనులుగా చీలుతుంది. కొన్ని స్థాయులు చెరిగిపోతాయి, కొన్ని బలపడతాయి. ముందు నుంచి వస్తే ఒక తీరు, వెనక నుంచి వస్తే మరో తీరు, పై నుంచి వస్తే ఇంకో తీరు. ఈ మార్పులు ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్‌ల పైన, అంటే బాగా తారస్థాయిలో జరుగుతాయి. ఏ మార్పు ఏ దిక్కుదో పసితనం నుంచీ మెదడు నేర్చుకుంటూనే ఉంటుంది.

కాలం, బలం, చెవిడొప్ప తర్వాత నాలుగో ఆధారం కదలిక. అనుమానం వస్తే తల కాస్త తిప్పుతాం. తల కుడికి తిరిగినప్పుడు ముందున్న శబ్దం ఎడమచెవి వైపు జరుగుతుంది, వెనకున్నది కుడిచెవి వైపు జరుగుతుంది. ముందువెనకల తికమకను తల కదలికే తీరుస్తుందని హాన్స్ వాలక్ 1940లో ప్రయోగాలతో చూపించాడు. ఈ సంగతి గేమర్లకు చాలా ముఖ్యం. ఆటలో తల తిప్పేది మౌస్. అనుమానం వచ్చిన క్షణంలో మౌస్‌ను చిటికెడు అటూ ఇటూ కదిపితే చప్పుడు ఎటు జరిగిందో వినిపిస్తుంది, ముందో వెనకో తేలిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

బొమ్మ తలకు మైకులు

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఈ ఏర్పాటంతా పక్కకు పోతుంది. శబ్దం తలను చుట్టి రాదు. దిక్కును బట్టి చెవిడొప్ప మడతలు చేసే మార్పు ఉండదు. నేరుగా చెవిలోకి దిగుతుంది. అందుకే హెడ్‌ఫోన్‌లో పాట వింటే గాయకుడు ఎదురుగా నిలబడి పాడినట్టుండదు, మన తల లోపలే ఎక్కడో రెండు చెవుల మధ్య కూర్చున్నట్టుంటుంది.

పోయినదాన్ని తిరిగి పెట్టడానికి శాస్త్రవేత్తలు కొలతల దారి పట్టారు. ప్రతిధ్వని లేని గదిలో మనిషిని కూర్చోబెడతారు. రెండు చెవిరంధ్రాల దగ్గరా చిన్న మైకులు పెడతారు. స్పీకర్‌ను చుట్టూ, పైనా, కిందా ఒక్కో చోటికి జరుపుతూ ఒకే రకం శబ్దం మోగిస్తారు. ప్రతి దిక్కు నుంచీ వచ్చిన శబ్దం చెవిదాకా చేరేసరికి ఎలా మారిందో నమోదు చేస్తారు. అలా ఒక్కో దిక్కుకూ, ఒక్కో చెవికీ ఒక్కో వడపోత తయారవుతుంది. దాని పూర్తి పేరు హెడ్ రిలేటెడ్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్. గేమ్ సెట్టింగుల్లో కనిపించే హెచ్‌ఆర్‌టీఎఫ్ అదే. తుపాకీ చప్పుడును ‘వెనక, కుడి, పై’ వడపోత గుండా పంపి రెండు చెవులకూ ఇస్తే, అది వెనక కుడివైపు పై నుంచి వచ్చిందని మెదడు నమ్ముతుంది.

అమెరికాలోని ఎంఐటీలో బిల్ గార్డ్‌నర్, కీత్ మార్టిన్ 1994లో కెమార్ అనే బొమ్మ తలతో 710 దిక్కుల నుంచి ఇలాంటి కొలతలు తీసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని సిపిక్ ప్రయోగశాల 2001లో 45 మంది కొలతలను బయటపెట్టింది. తర్వాత ఈ రంగంలో జరిగిన పరిశోధనకు ఇవి పునాదులయ్యాయి.

ఒపేరా నుంచి నాసా దాకా, అక్కడి నుంచి ఆటలోకి

రెండు చెవులకు వేర్వేరు శబ్దం పంపాలన్న ఆలోచన చాలా పాతది. 1881లో ప్యారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ అడేర్ అనే ఇంజినీరు ఒపేరా వేదిక మీద వరసగా మైకులు పెట్టి, టెలిఫోన్ తీగల మీదుగా ఆ పాటను ప్రదర్శనశాలకు తెచ్చాడు. చెవికొక రిసీవర్ పెట్టుకున్నవాళ్లకు గాయకులు వేదిక మీద ఇటు నుంచి అటు నడవడం వినిపించింది.

మూడు కొలతల శబ్దం కంప్యూటర్‌లోకి వచ్చింది మాత్రం అంతరిక్ష పరిశోధన దారిలో. 1980ల చివర నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో ఎలిజబెత్ వెన్జెల్, ఆమెతో కలిసి పనిచేసిన ఇంజినీరు స్కాట్ ఫోస్టర్, శబ్దానికి అప్పటికప్పుడు దిక్కు కల్పించే కన్వాల్వొట్రాన్ అనే యంత్రాన్ని తయారుచేశారు. ఫోస్టర్ సంస్థ క్రిస్టల్ రివర్ ఇంజినీరింగ్ తర్వాత ఆరియల్ సంస్థలో భాగమైంది. నాసా ప్రయోగశాలలో పుట్టిన విద్య అలా ఏ3డీ పేరుతో ఇంట్లో పెట్టుకునే సౌండ్ కార్డులోకి దిగింది. 1998 నాటి రెండో తరం ఏ3డీ మరో అడుగు వేసింది. ఆటలోని గోడలకు తగిలి శబ్దం ఎలా తిరిగొస్తుందో కూడా లెక్కవేసింది. అదే ఏడాది వచ్చిన హాఫ్ లైఫ్‌లో దాన్ని విన్నవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. క్రియేటివ్ సంస్థ 1998లో ఆరియల్ మీద పేటెంట్ దావా వేసింది. 1999 డిసెంబరులో ఆరియల్ గెలిచింది. కానీ కోర్టు ఖర్చులకు కుదేలై 2000లో దివాలా తీసింది. దాని ఆస్తులను అదే ఏడాది క్రియేటివ్ కొనుక్కుంది. 2007లో విండోస్ విస్టా వచ్చి శబ్ద వ్యవస్థను మార్చేయడంతో ఆటలు నేరుగా సౌండ్ కార్డు చేత పని చేయించుకునే దారీ మూసుకుపోయింది. హైదరాబాద్, విజయవాడ నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడుతూ పెరిగిన తరంలో చాలామందికి శబ్దమంటే కుడిఎడమలే. బొమ్మలు ఏటేటా మెరుగవుతుంటే శబ్దం మాత్రం దాదాపు పదేళ్లపాటు ఉన్నచోటే ఉండిపోయింది. అది కావాలని అడిగేవాళ్లు తక్కువైతే మంచి విద్య కూడా మూలన పడుతుందనడానికి ఆ పదేళ్లే సాక్ష్యం.

దాన్ని మళ్లీ నిలబెట్టింది వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ. కళ్లకు పెట్టెకట్టి మరో లోకంలోకి పంపినప్పుడు శబ్దం ఆ లోకానికి తగ్గట్టు లేకపోతే మెదడు ఒప్పుకోదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రమణి దురైస్వామి స్థాపించిన విజిసోనిక్స్ సంస్థ సాంకేతికతను 2014లో వీఆర్ సంస్థ ఓక్యులస్ తీసుకుంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో నికుంజ్ రఘువంశీ పరిశోధనతో గదుల్లో శబ్దం వ్యాపించే తీరును ముందే లెక్కగట్టే పద్ధతి 2016లో గేర్స్ ఆఫ్ వార్ 4లో వచ్చింది. అదే ఏడాది ఓవర్‌వాచ్ తనలోనే డాల్బీ అట్మాస్ హెడ్‌ఫోన్ శబ్దాన్ని ఉచితంగా ఇచ్చింది. కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ వచ్చిందీ 2016లోనే. ఆ తర్వాతి ఏడాది కౌంటర్ స్ట్రైక్ సంస్థ వాల్వ్ తన శబ్ద సాఫ్ట్‌వేర్ ‘స్టీమ్ ఆడియో’ను ఆటల తయారీదారులందరికీ ఉచితంగా ఇచ్చింది. 2021లో వాలరెంట్‌లోనూ హెచ్‌ఆర్‌టీఎఫ్ చేరింది.

7.1 అంకెలో ఏముంది?

7.1 అంటే ఏడు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్. ఎదురుగా మూడు, పక్కల రెండు, వెనక రెండు. ఇది ఇంట్లో సినిమా చూసే గది లెక్క. ‘7.1’ హెడ్‌సెట్లలో చాలావాటిలో నిజానికి ఉండేవి రెండే స్పీకర్లు. యూఎస్‌బీ తీగ చివర చిన్న సౌండ్ కార్డో, కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేరో ఉంటుంది. ఆట పంపిన ఎనిమిది దారుల శబ్దాన్ని తీసుకుని, ఊహాగదిలో ఊహాస్పీకర్ల నుంచి వచ్చినట్టుగా రెండు దారుల్లోకి కుదిస్తుంది. చెవికప్పులో నిజంగానే ఎక్కువ స్పీకర్లు పెట్టిన హెడ్‌సెట్లూ వచ్చాయి. 2012 నాటి రేజర్ టియామట్ 7.1లో ఒక్కో వైపు ఐదు చొప్పున మొత్తం పది ఉన్నాయి. కానీ చెవికి అంగుళం దూరంలో ఎన్ని స్పీకర్లు పెట్టినా తలను చుట్టి వచ్చే దారి దొరకదు. అందుకే ఆ దారి పెద్దగా సాగలేదు.

న్యూక్ మ్యాప్ దగ్గరికి తిరిగి వెళ్దాం. 7.1లోని ఏడు స్పీకర్లూ చెవి ఎత్తులో, ఒకే చదునులో ఉంటాయి. పైన ఒక్కటీ లేదు, కింద ఒక్కటీ లేదు. ఆట ఎంత కష్టపడి ఎత్తును లెక్కగట్టినా, 7.1 దారిలో పంపేసరికి ఆ ఎత్తు కాస్తా చదునైపోతుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా పోయిన ఎత్తును తిరిగి తేలేదు. పైకిందలు కావాలంటే రెండే మార్గాలు. ఆటే తనలో హెచ్‌ఆర్‌టీఎఫ్ లెక్క వేయాలి. లేదా ప్రతి చప్పుడునూ అది పుట్టిన చోటు వివరంతో సహా బయటి సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలి. డాల్బీ అట్మాస్ లాంటివి ఆ రెండో పద్ధతిలో నడుస్తాయి.

మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఊహాగదిని నమ్మించడానికి చాలా సాఫ్ట్‌వేర్లు కొంత గదిమోతను కూడా కలుపుతాయి. సినిమాకు అది నిండుదనం ఇస్తుంది. ఆటలో అడుగుల చప్పుడు అంచులు చెరిగిపోతాయి. అయోధ్యకాండలో దశరథుడు చీకట్లో కడవ నిండే బుడబుడ విని, ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని బాణం వదిలాడు. శబ్దవేధి విద్య దిక్కు తప్పలేదు, ఆ చప్పుడు ఎవరిదన్న పోలిక తప్పింది. ఆటలోనూ దిక్కు ఒక్కటే చాలదు. అది చెక్క మీద అడుగా, మ్యాగజైన్ మారుస్తున్న చప్పుడా, మన జట్టువాడేనా అన్నది స్పష్టంగా తెలియాలి. మోత ఎక్కువై పోలికను చెరిపేసే సరౌండ్ కంటే శుభ్రమైన స్టీరియో మేలు.

దిక్కు ఒక్కచోటే పుట్టాలి

ఇంటింటా జరిగే పొరపాటు ఒకటుంది. ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్, విండోస్‌లో స్పేషియల్ సౌండ్ ఆన్, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1 ఆన్. మూడూ ఉంటే మూడింతలు లాభమనుకుంటారు. జరిగేది వేరు. ఆట ఒకసారి వడపోసిన శబ్దాన్ని విండోస్ మళ్లీ వడపోస్తుంది, దాన్ని హెడ్‌సెట్ మరోసారి వడపోస్తుంది. చెవిడొప్ప మార్పులు ఒకదాని మీద ఒకటి పడి ఏ దిక్కుకూ చెందకుండా పోతాయి. గొట్టంలోంచి మాట్లాడినట్టు వినిపిస్తే దాదాపు ఇదే కారణం.

కాబట్టి వరసగా ఇలా చూసుకోండి.

మొదటి ప్రశ్న: ఆటలోనే హెచ్‌ఆర్‌టీఎఫ్ లేదా 3డీ హెడ్‌ఫోన్ ఆప్షన్ ఉందా? వాలరెంట్, పబ్‌జీ, ఫోర్ట్‌నైట్‌లో ఉంది. ఉంటే దాన్నే ఆన్ చేసి, విండోస్ స్పేషియల్ సౌండ్‌నూ హెడ్‌సెట్ సరౌండ్‌నూ ఆపేయండి. శత్రువు ఎక్కడున్నాడో, మధ్యలో ఎన్ని గోడలున్నాయో ఆటకే తెలుసు. దిక్కును లెక్కగట్టే పని దానికి అప్పగించడమే న్యాయం.

రెండో ప్రశ్న: ఆటలో అలాంటిదేమీ లేదా? అప్పుడు విండోస్ సాయం తీసుకోండి. సెట్టింగ్స్‌లో సౌండ్, అందులో మీ హెడ్‌ఫోన్, అందులో స్పేషియల్ సౌండ్. విండోస్ సోనిక్ 2017 నుంచి విండోస్ 10తోనూ, ఆ తర్వాతి విండోస్‌తోనూ ఉచితంగా వస్తోంది. ముందు దాన్నే వినండి. చాలకపోతే డాల్బీ అట్మాస్ ఫర్ హెడ్‌ఫోన్స్, డీటీఎస్ హెడ్‌ఫోన్ ఎక్స్ ఉన్నాయి. రెండింటినీ కొన్నాళ్లు ఉచితంగా పరీక్షించి, నచ్చితేనే డబ్బు కట్టొచ్చు. ఈ దారిలో వెళ్తే ఆట సెట్టింగ్‌లో స్టీరియో కాకుండా సరౌండ్ లేదా హోమ్ థియేటర్ ఎంచుకోవాలి. లేకపోతే బయటి సాఫ్ట్‌వేర్‌కు పంచిపెట్టడానికి రెండు దారులే మిగులుతాయి.

హెడ్‌సెట్‌తో వచ్చిన సొంత సరౌండ్‌ను చివరికి పెట్టుకోండి. ఎక్స్‌బాక్స్‌లో సోనిక్, అట్మాస్, డీటీఎస్ మూడూ దొరుకుతాయి. ప్లేస్టేషన్ 5లో టెంపెస్ట్ 3డీ ఆడియో యంత్రంలోనే ఉంది, ఏ మామూలు హెడ్‌ఫోన్ తగిలించినా పనిచేస్తుంది.

ఇంకో మాట. అడుగుల చప్పుడు పెద్దగా వినిపిస్తుందని విండోస్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఆన్ చేసేవాళ్లున్నారు. అది చిన్న చప్పుళ్లను పెంచి పెద్దవాటిని తగ్గిస్తుంది, నిజమే. కానీ దూరాన్ని చెప్పేది ప్రధానంగా ఆ హెచ్చుతగ్గులే. అన్నీ ఒకే ఎత్తుకు వస్తే పక్కగదిలో ఉన్నవాడూ, వీధి చివరనున్నవాడూ ఒకేలా వినిపిస్తారు.

రెడీమేడ్ చెవులు

ఒకే ఆట, ఒకే సెట్టింగ్. అన్నకు శత్రువు వెనక ఉన్నట్టు స్పష్టంగా వినిపిస్తుంది, తమ్ముడికి ముందు ఉన్నట్టుంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆటలో ఉన్న వడపోత ఎవరిదో ఒక చెవి కొలత లేదా బొమ్మ తల కొలత. రెడీమేడ్ చొక్కాలాగా అది కొందరికి సరిగ్గా సరిపోతుంది, కొందరికి భుజాల దగ్గర పట్టేస్తుంది. సరిపోనప్పుడు ముందుగా పోయేవి ముందువెనకలూ పైకిందలే. కుడిఎడమలకు ఢోకా ఉండదు.

అందుకే కొలతలు వ్యక్తుల వైపు జరుగుతున్నాయి. ప్లేస్టేషన్ 5 రూపశిల్పి మార్క్ సెర్నీ 2020 మార్చిలో ఆ యంత్రాన్ని పరిచయం చేస్తూ ఐదు రకాల చెవి నమూనాలు ఇస్తున్నామని, ముందుముందు ఎవరి చెవికి తగినది వాళ్లకు అందించాలన్నదే లక్ష్యమని చెప్పాడు. 2024 సెప్టెంబరులో శబ్ద పరీక్షలతో సొంత ప్రొఫైల్ తయారుచేసుకునే వీలు అందులో వచ్చింది. యాపిల్ 2022లో ఐఓఎస్ 16తో ఫోన్ కెమెరా ముందు చెవులు చూపించి ప్రొఫైల్ చేసుకునే పద్ధతి తెచ్చింది. క్రియేటివ్ వారి సూపర్ ఎక్స్-ఫై కూడా చెవి ఫొటోలతోనే పనిచేస్తుంది.

చొక్కా మారదు కానీ చెవి మారగలదు. నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో పాల్ హోఫ్‌మన్, జాన్ వాన్ ఓప్‌స్టల్ బృందం 1998లో ఒక అందమైన ప్రయోగం ప్రచురించింది. కొందరి చెవిడొప్పల్లో అచ్చులు అమర్చి వాటి ఆకారం మార్చేశారు. శబ్దం పైనుంచి వస్తోందో కిందనుంచి వస్తోందో వాళ్లకు వెంటనే తెలియకుండా పోయింది. అచ్చులతోనే రోజూ తిరిగారు. కొన్ని వారాల్లో మెదడు కొత్త చెవిని నేర్చుకుంది. ఇంకా విశేషమేమిటంటే, అచ్చులు తీసేశాక పాత చెవి పాఠం చెక్కుచెదరలేదు.

ఇందులో గేమర్లకు ఒక సూత్రం ఉంది. రోజుకో సెట్టింగ్ మారిస్తే ఏదీ ఒంటబట్టదు. మొదటిరోజు వింతగా ఉందని వదిలేయకండి. ఒకటి ఎంచుకుని కొన్ని వారాలు దానితోనే ఆడండి.

ఫోన్‌లో ఆడేవాళ్లకు

మన దగ్గర గేమింగ్ అంటే ఎక్కువమందికి ఫోనే. 2021లో బీజీఎంఐ అనే ఆట వచ్చాక ఊరూరా స్క్వాడ్‌లు తయారయ్యాయి. ఫోన్‌లో శబ్దానికి అసలు శత్రువు బ్లూటూత్. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం 100, 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఆలస్యమవుతుంది. 0.6 మిల్లీసెకన్ల తేడాతో దిక్కు పట్టే చెవికి, తెర మీద తూటా తగిలాక తుపాకీ మోత వినిపిస్తే ఏం లాభం? ఆ చెవిలోని సూక్ష్మమైన తేడా చెడదు కానీ స్పందించే సమయం పోతుంది.

దానికంటే పెద్ద నష్టం మైకుతో వస్తుంది. పాత తరం బ్లూటూత్‌లో మైక్ ఆన్ చేయగానే హెడ్‌సెట్ కాల్ మోడ్‌లోకి జారుతుంది. రెండు చెవులకూ ఒకే శబ్దం, అదీ నాసిరకంగా వెళ్తుంది. కుడిఎడమలు కూడా మిగలవు. స్క్వాడ్‌తో మాట్లాడటం మొదలుపెట్టాక దిక్కులు తెలియడం మానేశాయంటే ఆట తప్పు కాదది. కొత్త ఎల్‌ఈ ఆడియో ఈ ఇబ్బందిని తీర్చే దిశగా వచ్చింది, అయితే ఫోనూ హెడ్‌సెట్టూ రెండూ దానికి సిద్ధంగా ఉండాలి. అప్పటిదాకా తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ ఎంతో మేలు. తీగ వద్దనుకుంటే చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ హెడ్‌సెట్‌లో ఆలస్యం చాలా తక్కువ.

చూపు లేని ఆటగాళ్ల కోసం

ఇదంతా ఒక రౌండ్ గెలవడం కోసమేనా అనిపించవచ్చు. కాదు. తెర కనిపించనివాళ్లకు ఆటంటేనే శబ్దం. 2010లో ఐఫోన్ మీద వచ్చిన పాపా సాంగ్రేలో బొమ్మలే లేవు. చీకటి లోకంలో చెవులతోనే దారి వెతుక్కోవాలి. కెనడాలో తయారై 2021లో వచ్చిన ద వేల్‌లో కథానాయిక చూపు లేని యువతి. కత్తి ఎటునుంచి దూసుకొస్తోందో విని అటు డాలు అడ్డుపెట్టాలి. 2020 నాటి ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం చూపు లేనివాళ్లూ మొదటి నుంచి చివరిదాకా ఆడేలా శబ్ద సూచనలతో వచ్చింది. 2023 నాటి స్ట్రీట్ ఫైటర్ 6 ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నాడో శబ్దంతోనే చెబుతుంది.

వినికిడి లేనివాళ్ల వైపు నుంచీ ఆలోచించాలి. ఒక చెవే వినిపించేవారికి ఏ సరౌండూ ఉపయోగపడదు. వాళ్లకు మోనో ఆప్షన్ కావాలి, చప్పుడు ఎటునుంచో తెర మీద గుర్తుగా కనిపించాలి. ఫోర్ట్‌నైట్‌లో అడుగులూ కాల్పులూ తెర మీద గుర్తులుగా చూపే సెట్టింగ్ ఉంది. బీజీఎంఐలో చిన్న మ్యాప్ మీద ఆ గుర్తులు కనిపిస్తాయి. కొత్త ఆట తయారుచేసే ప్రతి బృందమూ, హైదరాబాద్ స్టూడియోల్లో పనిచేసే మన పిల్లలతో సహా, మొదటి రోజు నుంచే ఈ రెండు వైపులా ఆలోచించాలి. చివర్లో అతికిస్తే అవి అతుకుల్లాగే ఉంటాయి.

కొనేముందు ఈ పరీక్ష

ఒక స్నేహితుణ్ని పిలవండి. ఇద్దరే ఉండే ప్రైవేట్ మ్యాచ్ పెట్టండి. కళ్లు మూసుకోండి. అతను మీ చుట్టూ ఎక్కడైనా నాలుగడుగులు వేసి ఆగాలి. చప్పుడు వచ్చిన వైపు మౌస్ తిప్పి కళ్లు తెరవండి. గురి ఎంత తప్పిందో తెర మీదే కనిపిస్తుంది. ముందు, వెనక, పక్కలు, మెట్ల పైన, మెట్ల కింద కలిపి ఒక ఇరవైసార్లు చేసి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత సెట్టింగ్ మార్చి మళ్లీ చేయండి. స్టీరియోలో, ఆట హెచ్‌ఆర్‌టీఎఫ్‌లో, విండోస్ సోనిక్‌లో ఏది మీ చెవికి కుదిరిందో ఆ కాగితమే చెబుతుంది. ఏ ప్రకటనా, ఏ సమీక్షా చెప్పలేని సంగతి అది. ఎందుకంటే అవి రాసినవాళ్ల దగ్గర మీ చెవులు లేవు.

ఈ పరీక్షలో ఒక నియమం తప్పనిసరి. వాల్యూమ్ పెంచకూడదు. అడుగులు వినిపించడం లేదని వాల్యూమ్ పెంచుతాం, ఆ పక్కనే పేలిన గ్రెనేడ్ కూడా అంతే పెరిగి చెవిలో పడుతుంది. పెద్దలు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఆ హద్దు 75. శబ్దం 90 డెసిబెళ్లకు చేరితే వారం మొత్తానికి నాలుగు గంటలే సురక్షితం. సెలవుల్లో ఒక్క రాత్రి ఆటతోనే ఆ నాలుగు గంటలు అయిపోతాయి.

పెద్ద మోత వల్ల వచ్చే చెవుడు సాధారణంగా 3 నుంచి 6 కిలోహెర్ట్జ్‌ల మధ్య మొదలై అటూ ఇటూ పాకుతుంది. చెవిడొప్ప మనకు ముందువెనకలూ పైకిందలూ చెప్పేది కూడా ఆ ప్రాంతం నుంచి పైకే. అంటే అడుగుల చప్పుడు కోసం వాల్యూమ్ పెంచుతూ పోయినవాళ్లు, ఆ అడుగుల దిక్కు చెప్పే శక్తినే ముందుగా పోగొట్టుకుంటారు. తల్లిదండ్రులు హెడ్‌సెట్ కొనిపెట్టేటప్పుడు దాని మీది అంకె చూడనక్కరలేదు. ఫోన్‌లో, కంప్యూటర్‌లో వాల్యూమ్ హద్దు ఎక్కడ పెట్టాలో పిల్లలతో కలిసి కూర్చుని, ఆ మొదటి రోజే పెట్టించండి.